పరదేశపు గుమ్మంలో టీకా పత్రం

విదేశంలో అడుగుపెట్టే ప్రయాణికుడు తాను టీకా వేయించుకున్నట్లు చూపించే పత్రం మూడు ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెప్పవలసి ఉంటుంది. ఆ టీకా నిజంగా వేశారా అనేది మొదటి ప్రశ్న. వేయించుకున్న మనిషీ, పాస్‌పోర్టు పట్టుకుని అధికారి ఎదుట నిలబడిన మనిషీ ఒకరేనా అనేది రెండవది. వేసిన మందును ఆ దేశం టీకాగా ఒప్పుకుంటుందా అనేది మూడవది. మొదటి రెండింటికీ ప్రయాణికుని సొంత ప్రభుత్వం సాక్ష్యం చెప్పగలదు. మూడవదాని మీద తీర్పు చెప్పే అధికారం మాత్రం వెళ్లబోయే దేశానికే ఉంటుంది, ఆ తీర్పు ఎలా వస్తుందో టీకా వేయించుకున్న రోజున ఆ మనిషికి తెలిసే వీలు చాలాసార్లు ఉండదు. ఈ మూడవ ప్రశ్న బరువెంతో 2021లో లోకానికి తెలిసివచ్చింది. అప్పుడు వివాదంలో నలిగిన కోవాక్సిన్ టీకా హైదరాబాద్ శివార్లలోని ఈ నాగారానికి ఉత్తరాన, గంట లోపు ప్రయాణంలో చేరగల జీనోమ్ వ్యాలీలో, శామీర్‌పేట దాటాక వచ్చే తుర్కపల్లి దగ్గర పుట్టినది కాబట్టి, ఆ కథను ఈ ప్రాంతంలో చెప్పుకోవడం సముచితం. కోవిడ్ విధుల్లో ప్రాణాలు కోల్పోయిన ఆరోగ్య కార్యకర్తల స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి ఈ విషయాన్ని ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది: వారు ఎండలో, వానలో, జబ్బు భయం మధ్య నిలబడి వేసిన ప్రతి సూదికీ ఒక పత్రం వెలువడింది, ఆ పత్రానికి పరాయి గడ్డ మీద దక్కిన విలువ వారి శ్రమతో సమానంగా లేకపోయింది.

టీకా రుజువు కోవిడ్‌తో మొదలైన ఆచారం కాదు. తెలుగువారి వలసల చరిత్రలోనే దానికి పాత ఆనవాళ్లు ఉన్నాయి. ఒప్పంద కూలీలుగా, అంటే నిర్ణీత సంవత్సరాలు తోటల్లో పని చేస్తామని వేలిముద్ర వేసి సముద్రం దాటిన కూలీలుగా, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ దీవులకు వెళ్లినవారిలో తెలుగు జిల్లాల వారు కూడా ఉన్నారు. వారి ఒక్కొక్కరి పేరున రాసిన వలస పాసులో పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఊరు, ఒంటి మీది గుర్తులతో పాటు, ఆ మనిషి రోగరహితుడనీ, వలసకు ఒప్పుకున్న తరువాత మశూచి టీకా వేశారనీ వైద్యాధికారి సంతకం చేసేవాడు. ఆ సంతకం కూలీ మేలు కోరి పెట్టినదని చెప్పడం కష్టం. ఓడలో మశూచి చెలరేగితే కూలీలతో పాటు ఓడ యజమాని, చెరకు తోటల కంపెనీ కూడా నష్టపోతాయి కనుకనే ఆ గడి పాసులోకి వచ్చింది. అయినా పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ ఆ పాసులో జవాబులు ఉన్నాయి: టీకా వేసినట్లు వైద్యుని సాక్ష్యం, మనిషిని పోల్చుకోవడానికి ఒంటి గుర్తులు, పంపే చోటా చేరే చోటా ఒకే సామ్రాజ్యం కావడం వల్ల ముందే దక్కిన అంగీకారం. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైన తరువాత మద్రాసు రాజధానిలో అమలైన ప్లేగు పాస్‌పోర్టు ఇంకో రకం పత్రం. సోకిన ప్రాంతం నుంచి వచ్చిన రైలు ప్రయాణికుడు గమ్యం చేరాక కొన్నాళ్ల పాటు అధికారుల ఎదుట హాజరు వేయించుకోవాలని అది నిర్దేశించేది. అది టీకాకు సాక్ష్యం కాదు, నిఘాకు సాధనం. ప్రయాణికుని ఒంటిని అనుమానంతో చూసే అలవాటు మాత్రం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

స్వతంత్ర దేశాల మధ్య ఒకే నమూనా పత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ఆమోదించిన అంతర్జాతీయ పారిశుద్ధ్య నిబంధనలతో స్థిరపడింది. మశూచి, కలరా, పచ్చజ్వరం అనే మూడు జబ్బులకు టీకా ధ్రువపత్రం అడిగే హక్కు దేశాలకు వాటి ప్రకారం ఉండేది. కలరా టీకా వ్యాప్తిని ఆపలేదని తేలడంతో 1973లో ఆ నిబంధన తొలగింది. మశూచి 1980లో లోకం నుంచి నిర్మూలమైనట్లు ప్రకటించాక, 1981లో ఆ పత్రమూ పోయింది. మిగిలింది పచ్చజ్వరం ఒక్కటే. ఎల్లో ఫీవర్ అని అందరూ పిలిచే ఆ జబ్బుకు ఇచ్చే పసుపు రంగు చిన్న పుస్తకమే ‘ఎల్లో కార్డు’.

ఆఫ్రికా దేశాలకు ఉద్యోగం మీదనో, వ్యాపారం మీదనో వెళ్లే హైదరాబాదీలకు ఈ కార్డు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ద్వారా పరిచయం. పచ్చజ్వరం టీకాను ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు వేసి పత్రం రాయడం చెల్లదు. ప్రభుత్వం అధికారం ఇచ్చి, ఆ వివరాన్ని నమోదు చేసిన కేంద్రంలోనే వేయాలి, ఆ కేంద్రం ముద్ర పడాలి, వేసిన వైద్యుడు లేదా అధికారం ఉన్న ఆరోగ్య కార్యకర్త స్వహస్తంతో సంతకం చేయాలి. పత్రం ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ ఉండాలి, ఒక్కరి పేరునే ఉండాలి, పసిపిల్లలకైనా వేరే పత్రం ఉండాలి, కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే అది చెల్లకుండా పోవచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే పత్రం అమలులోకి వస్తుంది, ఎందుకంటే శరీరంలో రక్షణ ఏర్పడటానికి అంత సమయం పడుతుంది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు సూది వేయించుకుని విమానాశ్రయానికి వెళ్లినవారికి ఈ ఒక్క నియమం తెలియకే ఇబ్బంది ఎదురవుతుంది. ఒకప్పుడు పదేళ్లకే చెల్లుబాటు ముగిసే ఈ పత్రం 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుతుంది, పాత పత్రాలకు కూడా అదే వర్తిస్తుంది.

ఈ విషయంలో భారతదేశం అడిగే పక్షాన కూడా ఉంది. పచ్చజ్వరం ఈ దేశంలో లేదు, అయితే దాన్ని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ ఇక్కడ విరివిగా ఉంది, డెంగీ మోసేదీ ఆ దోమే. రోగి ఒక్కడు వచ్చినా దోమలు మిగతా పని చేయగలవు కనుక, ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి సరైన కార్డు లేకుండా దిగినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచడానికి ఇక్కడి నిబంధనలు అనుమతిస్తాయి. కారణం సైన్సుకు అందేదిగా ఉన్నప్పుడు, నియమం అందరికీ ఒకటే అయినప్పుడు, మందుల జాబితా మీద ముందే అంగీకారం ఉన్నప్పుడు టీకా పత్రం పేచీ లేకుండా పనిచేస్తుందని ఎల్లో కార్డు దశాబ్దాలుగా నిరూపిస్తోంది.

కోవిడ్ కాలంలో ఈ మూడు షరతుల్లో చివరిది కొరవడింది. 2021 జనవరి 3న భారత ఔషధ నియంత్రణాధికారి ఒకే రోజు రెండు టీకాలకు అత్యవసర వినియోగానికి పరిమిత అనుమతి ఇచ్చారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఆస్ట్రాజెనెకా రూపొందించగా పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కోవిషీల్డ్ వాటిలో ఒకటి. భారతీయ వైద్య పరిశోధన మండలితో, దాని కింద పనిచేసే పుణే జాతీయ వైరాలజీ సంస్థతో కలిసి భారత్ బయోటెక్ రూపొందించిన కోవాక్సిన్ రెండవది. కృష్ణా ఎల్లా, సుచిత్రా ఎల్లా 1996లో స్థాపించిన ఈ సంస్థ అంతకుముందే రోటా వైరస్ టీకాకూ, టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హతను సంపాదించుకుంది. ముందస్తు అర్హత అంటే ఐక్యరాజ్యసమితి సంస్థలు కొనుగోలు చేయదగిన నాణ్యత ఆ టీకాకు ఉందని జరిపే సమగ్ర పరిశీలన. జీనోమ్ వ్యాలీకి, మేడ్చల్‌కు ఈ రంగంలో వేర్లు కూడా లోతుగానే ఉన్నాయి. వరప్రసాద్ రెడ్డి నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది, అంటే జన్యువును వేరే కణంలో ప్రవేశపెట్టి కావలసిన ప్రోటీన్‌ను తయారుచేయించే పద్ధతిలో రూపొందిన టీకాను.

కోవాక్సిన్ నిర్వీర్యం చేసిన వైరస్‌తో తయారైన టీకా. పోలియో సూది మందు వంటి పాత, పరిచితమైన పద్ధతి అది. 25,800 మందితో జరిగిన మూడో దశ పరీక్షలో లక్షణాలతో కూడిన కోవిడ్‌పై దాని సామర్థ్యం 77.8 శాతంగా తేలింది, ఆ ఫలితాలు 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అయితే ఆ టీకా వాడకం జనవరిలో మొదలైంది. సామర్థ్యం తేలకముందే అనుమతి ఇచ్చారన్న విమర్శ అప్పట్లోనే గట్టిగా వినిపించింది, ఆ విమర్శలో న్యాయం ఉంది. ఆ తొందర ప్రభావం ఆసుపత్రుల కంటే ఎక్కువగా విమానాశ్రయాల్లో కనిపించింది. ఇతర దేశాలు సాధారణంగా తమ సొంత నియంత్రణ సంస్థ అనుమతిని గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ జాబితాను గానీ ప్రమాణంగా తీసుకుంటాయి. ఆ జాబితాలోకి కోవిషీల్డ్ 2021 ఫిబ్రవరిలోనే చేరింది. కోవాక్సిన్ కోసం దరఖాస్తు ఏప్రిల్‌లో వెళ్లింది, సమాచార పరిశీలన జూలైలో మొదలైంది, అక్టోబరు 26న సాంకేతిక సలహా బృందం మరిన్ని వివరాలు అడిగింది, నవంబరు 3న అనుమతి వచ్చింది.

జనవరి నుంచి నవంబరు వరకు నడిచిన ఆ పది నెలల్లో, ప్రభుత్వ కేంద్రానికి వెళ్లిన సామాన్యుడు ఏ టీకా వేయించుకోవాలో ఎంచుకునే స్థితిలో లేడు. ఆ రోజు ఏ సీసా వచ్చి ఉంటే అదే. రెండు సీసాలూ ప్రాణరక్షణకు పనికొచ్చేవే; కానీ ఒక సీసా పేరు రాసిన పత్రం రియాద్‌కు, బోస్టన్‌కు దారి తీసింది, మరో సీసా పేరు రాసిన పత్రం శంషాబాద్‌లోనే ఆగిపోయింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల సంగతి ఇందులో అన్నిటికంటే బాధాకరమైనది. సెలవు మీద ఇంటికి వచ్చి, కోవిడ్ రెండో అల మధ్య చిక్కుకుని, దొరికిన టీకా వేయించుకున్న మనిషికి, సౌదీ అరేబియా ఆమోదించిన జాబితాలో తన టీకా లేదని తెలిసేసరికి రెండు డోసులూ పూర్తయ్యాయి. వీసా గడువు, రీ-ఎంట్రీ గడువు, ఊళ్లో ఏజెంటుకు కట్టిన అప్పు ఏవీ ఆగవు. మళ్లీ కోవిషీల్డ్ వేయించుకోవడానికి, టీకాలను నమోదు చేసి పత్రాలు ఇచ్చే ప్రభుత్వ వేదిక కోవిన్‌లో దారి లేదు, ఎందుకంటే ఆ మనిషి అప్పటికే ‘పూర్తిగా టీకా పొందినవాడు’.

ఇలాంటి స్థితిలో ఉన్న ఒక గల్ఫ్ ఉద్యోగి వేసిన కేసులో కేరళ హైకోర్టు 2021 నవంబరు మొదట్లో, టీకా విధానం దేశంలో రెండు తరగతుల పౌరులను సృష్టించిందనీ, కోవాక్సిన్ వేయించుకున్నవారి రాకపోకలకు అడ్డు పడుతుండగా కోవిషీల్డ్ వేయించుకున్నవారు ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నారనీ వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్య కేరళలో వెలువడినా, ఉత్తర తెలంగాణలోని ఏ గల్ఫ్ కుటుంబానికైనా అక్షరాలా వర్తించేదే.

విద్యార్థుల సమస్య వేరే రూపంలో వచ్చింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలా భాగం 2021 శరత్కాలపు తరగతులకు టీకా తప్పనిసరి చేశాయి. కోవాక్సిన్ వేయించుకుని వెళ్లిన విద్యార్థులను టీకా లేనివారిగా లెక్కించి, అక్కడ దిగాక మరో టీకాను మొదటి డోసు నుంచి వేయించుకోవాలని అనేక చోట్ల చెప్పారు. రెండింటి మధ్య కనీసం 28 రోజుల వ్యవధి ఉండాలని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాలు సూచించాయి. వేర్వేరు టీకాలను కలిపి వేసుకోవడం మీద అప్పటికి పరిశోధన చాలా తక్కువ. అందుకే అప్పటికి ఇంకా టీకా వేయించుకోని విద్యార్థులు కోవిషీల్డ్ కోసం వెతుక్కున్నారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021 జూన్ 7న విడుదల చేసిన మార్గదర్శకాలు, చదువుకు, ఉద్యోగానికి, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లేవారికి 84 రోజులు ఆగనవసరం లేకుండా 28 రోజుల తరువాత కోవిషీల్డ్ రెండో డోసు వేసే వెసులుబాటు కల్పించాయి, ధ్రువపత్రంలో పాస్‌పోర్టు సంఖ్య చేర్చాలని కూడా చెప్పాయి. హైదరాబాద్‌లో విదేశాలకు వెళ్లే విద్యార్థుల టీకాలకు నారాయణగూడ సంస్థే మళ్లీ వేదికైంది. ఆ మార్గదర్శకాల్లో కోవాక్సిన్ పేరు లేకపోవడాన్ని చాలామంది గమనించలేదు, గమనించినవారికి అసలు విషయం ఆ రోజే అర్థమైంది.

పత్రం తయారీ సంగతికి వస్తే, అక్కడ భారతదేశం నిస్సందేహంగా ముందుంది. కోవిన్ పత్రం మీది క్యూఆర్ గడిలో పేరు, వయసు, టీకా, తేదీ, కేంద్రం వంటి వివరాలు ఉండటమే కాక, వాటికి ప్రభుత్వపు డిజిటల్ సంతకం జత అయి ఉంటుంది. డిజిటల్ సంతకం అంటే ఒక రహస్య సంఖ్యా తాళంతో వివరాలకు ముద్ర వేయడం, దాన్ని సరిచూసే తాళాన్ని మాత్రం బహిరంగంగా ఉంచడం. ఎవరైనా తేదీ ఒక్కటి మార్చినా ముద్ర సరిపోలదు, మోసం వెంటనే బయటపడుతుంది. డైవాక్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ మీద నడిచిన ఈ ఏర్పాటు వందల కోట్ల డోసులకు పత్రాలు ఇచ్చింది. నకిలీ పత్రాల విషయంలో ఎల్లో కార్డు మీది రబ్బరు ముద్ర కంటే ఇది ఎంతో గట్టిది.

అయినప్పటికీ 2021 సెప్టెంబరులో బ్రిటన్‌తో వచ్చిన తగాదా, గట్టి పత్రం కూడా ఎక్కడ తట్టుకుని పడుతుందో చూపించింది. బ్రిటన్ మొదట కోవిషీల్డ్‌ను గుర్తించకపోవడం, సెప్టెంబరు 22న గుర్తించి కూడా భారతదేశపు పత్రాన్ని గుర్తించకపోవడం ఒక విచిత్ర స్థితిని సృష్టించాయి; ఆక్స్‌ఫర్డ్‌లో రూపొందిన టీకాను పుణేలో తయారుచేసి అక్కడి వారికి వేస్తే చెల్లింది, ఇక్కడి వారికి వేస్తే చెల్లలేదు. అభ్యంతరాల్లో ఒకటి పత్రంలో వయసు ఉంది గానీ పూర్తి పుట్టిన తేదీ లేదన్నది. దానికి ప్రతిగా భారతదేశం అక్టోబరు 4 నుంచి బ్రిటిష్ ప్రయాణికులకు పది రోజుల క్వారంటైన్ విధించింది, అక్టోబరు 11 నుంచి బ్రిటన్ తన నిబంధన సడలించింది. ఈలోగా కోవిన్‌లో విదేశాలకు వెళ్లే ప్రయాణికుల కోసం పుట్టిన తేదీతో కూడిన వేరే పత్రం వచ్చింది. దౌత్యపరంగా ఇది గెలుపే. కానీ పుట్టిన తేదీ గడి మొదటి రోజు నుంచే ఉండవలసింది; పాస్‌పోర్టు అధికారి మనిషిని పోల్చుకునేది వయసుతో కాదు, తేదీతో.

పోల్చుకోవడంలో తెలుగువారికి మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది, అది ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో అదే పూర్తి రూపంలో వేరే గడిలో ఉంటుంది, పదో తరగతి మెమోలో ఇంకో రకంగా ఉంటుంది, పెళ్లయిన స్త్రీల విషయంలో నాలుగో రూపమూ ఉండవచ్చు. టీకా కేంద్రంలో ఆధార్ చూపించి నమోదైన పేరు విమానాశ్రయంలో పాస్‌పోర్టు పేరుతో సరిపోలక చాలామంది తిప్పలు పడ్డారు. కోవిన్‌లో ‘రెయిజ్ యాన్ ఇష్యూ’ అనే చోట పాస్‌పోర్టు సంఖ్య జత చేసుకునే, పేరు దిద్దుకునే వీలు తరువాత కల్పించారు. ఫోను వాడకం అలవాటున్న విద్యార్థి దాన్ని ఇంట్లో కూర్చుని చక్కబెట్టుకున్నాడు. కడప నుంచో కోనసీమ నుంచో కువైట్‌కు ఇంటి పనికి వెళ్లే స్త్రీ మాత్రం మీసేవ ముందో, ఏజెంటు ముందో చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. ఈ తేడాను చిన్నదిగా కొట్టిపారేయడం తగదు. రుజువు చేసే భారం ప్రయాణికుని మీద పెట్టే ప్రతి వ్యవస్థలోనూ, ఆ భారం చదువు తక్కువైనవారి మీదే ఎక్కువగా పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి తరువాత ద్వారాలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఆస్ట్రేలియా రెండు రోజుల ముందే, నవంబరు 1న, కోవాక్సిన్‌ను గుర్తించింది. అమెరికా నవంబరు 8 నుంచి, బ్రిటన్ నవంబరు 22 నుంచి, కెనడా నవంబరు 30 నుంచి అనుమతించాయి. జర్మనీ మాత్రం 2022 జూన్ వరకు ఆగింది. అదే టీకా, అదే పత్రం, అదే మనిషి. అక్టోబరులో చెల్లనిది డిసెంబరులో చెల్లింది. ఆ మనిషి ఒంటిలోని రోగనిరోధక శక్తి ఆ రెండు నెలల్లో పెరగలేదు సరికదా, కాలంతో పాటు కొంత తగ్గింది కూడా. పత్రం దేహరక్షణకు కొలత కాదనీ, రెండు ప్రభుత్వాల నియంత్రణ సంస్థల మధ్య ఉన్న నమ్మకానికి కొలత అనీ చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఆ నమ్మకాన్ని సంపాదించవలసినది ప్రభుత్వమూ, ఉత్పత్తిదారూ. అది ఆలస్యమైనప్పుడు మూల్యం చెల్లించినది కార్మికుడు, విద్యార్థి. కనీసం టీకా వేసే ముందు, ఈ మందు ఇంకా ఏయే దేశాల్లో గుర్తింపు పొందలేదో ఒక్క వాక్యంలో చెప్పి, విదేశం వెళ్లవలసినవారికి ఎంచుకునే అవకాశం ఇచ్చి ఉంటే, ఆ పది నెలల్లో ఎన్నో ఉద్యోగాలు నిలబడేవి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు.

కోవిడ్ నిబంధనలు ముగిశాయి; విమానంలో వచ్చే విదేశీయులకు టీకా నిబంధనను అమెరికా 2023 మే 12న ఎత్తివేసింది. ప్రపంచ ఆరోగ్య సభ 2024లో ఆమోదించిన సవరణలు ఆరోగ్య పత్రాలు కాగితం మీద గానీ డిజిటల్ రూపంలో గానీ ఉండవచ్చని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో చేర్చాయి. టీకా పత్రం అవసరం మాత్రం పోలేదు: హజ్ యాత్రకు నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయలుదేరేవారికి మెదడు పొరల వాపును నివారించే మెనింగోకాకల్ టీకా నిబంధన ఎప్పటిలాగే కొనసాగుతోంది.

నేటి నాగారం, దమ్మాయిగూడ, ఈసీఐఎల్ ప్రాంతపు కుటుంబాలకు అన్నిటికంటే దగ్గరి ప్రశ్న వేరే ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలు ప్రవేశానికి ముందు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అనే మూడు జబ్బులకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా రెండు డోసులకు రుజువు అడుగుతాయి. ఆ దేశపు నియమం ప్రకారం మొదటి పుట్టినరోజు తరువాత వేసిన డోసే లెక్కకు వస్తుంది. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలకు వేస్తారు, ఎందుకంటే ఇక్కడ తట్టు పసివయసులోనే కాటు వేసేది, ఏడాది దాకా ఆగడం ప్రమాదం. అందువల్ల టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం శ్రద్ధగా వేసి, కార్డులో తేదీ రాసిన ఆ డోసు అక్కడ లెక్కలోకి రాదు. పైగా 2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో వేస్తున్నది తట్టు, రుబెల్లా కలిసిన ఎంఆర్ టీకా. గవదబిళ్లలకు అందులో చోటు లేదు. ఫలితంగా, చిన్నప్పుడు అన్ని టీకాలూ వేయించుకున్న విద్యార్థి కూడా వీసా వచ్చాక 28 రోజుల తేడాతో రెండు ఎంఎంఆర్ డోసులు వేయించుకుని, డాక్టరు సంతకంతో విశ్వవిద్యాలయపు ఫారం నింపించుకుంటున్నాడు. చిన్ననాటి కార్డు ఉన్న కుటుంబాలు తక్కువ. ఉన్నా దానిలో చాలాసార్లు బిడ్డ పేరు బదులు తల్లి పేరు మాత్రమే ఉంటుంది, ఎందుకంటే మొదటి టీకాల నాటికి బారసాల జరిగి ఉండదు.

కోవిన్ అనుభవంతో రూపొందిన యూ-విన్ వేదిక 2023లో ప్రయోగాత్మకంగా మొదలై ఇప్పుడు గర్భిణుల, శిశువుల టీకాలను దేశమంతటా నమోదు చేస్తోంది. ఈ రోజు కీసర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న శిశువుకు పద్దెనిమిదేళ్ల తరువాత కూడా ఆ రుజువు ఫోనులో దొరకాలి, పాస్‌పోర్టు పేరుతో సరిపోలాలి. అందుకు బిడ్డకు పేరు పెట్టిన తరువాత నమోదులో పూర్తి ఇంటిపేరుతో దాన్ని దిద్దే బాధ్యత ఎవరిదో ఆరోగ్య శాఖ ఇప్పుడే నిర్ణయించాలి. తొమ్మిది నెలల డోసు అమెరికాలో లెక్కకు రాదన్న సంగతి యూ-విన్ మార్చలేదు. ఆ విషయం తల్లికి చెప్పగల మనిషి మాత్రం ఆ రోజు ఆమె ఎదుటే ఉంటుంది: బిడ్డకు పదహారు నెలల వయసు నిండాక వేసే రెండో ఎంఆర్ డోసును తప్పకుండా వేయించమని, గవదబిళ్లల కోసం వేయించే ఎంఎంఆర్‌ను బయటి ఆసుపత్రిలో వేయించినా సరే దాని తేదీని ఇదే కార్డులో రాయించమని, ఏఎన్ఎం రెండు మాటల్లో చెప్పవచ్చు.